మూడో నంబరు మగ్గం

రాఘవేంద్రకు పొట్ట వచ్చింది. గిటారు మెడలో వేసుకుని అతను స్టేజీ మీదికి దూకుతూ రాగానే నాకు ముందు కనబడింది అదే, దాన్ని చూసి కడుపులో చల్లగా అనిపించిన మాటా నిజం. నల్ల బనియను కింద అది అతనికంటే అర క్షణం ఆలస్యంగా దూకుతోంది. నలభైకి దగ్గరపడ్డాడు, జుట్టు మాత్రం కాలేజీ కుర్రాడిలా ముళ్ళు ముళ్ళుగా నిలబెట్టుకున్నాడు, దానికేం పూశాడో సాయంత్రపు ఎండలో మెరుస్తోంది. ఇది మూడో పాట. ఆరోది నాది. స్టేజీ వెనక అంటించిన పాటల చీటీని మధ్యాహ్నమే చూసొచ్చాను కాబట్టి లెక్క తప్పే పనిలేదు, ఇంకో పది నిమిషాలు, పన్నెండు నిమిషాలు, పదిహేడేళ్ళు ఆగినదానికి ఇదొక లెక్కా. చుట్టూ జీన్సు పాంట్ల పిల్లలు ఎగురుతున్నారు, వాళ్ళ మధ్య నేను నూలుచీర కట్టుకుని, చేతిసంచీ చంకలో పెట్టుకుని, లైటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను, కూతుర్ని ఇంటికి లాక్కెళ్ళడానికొచ్చిన తల్లినని అనుకుంటున్నారేమో, నాకు దారి మాత్రం మర్యాదగా వదులుతున్నారు. అనుకోనీ. ఈ స్తంభం దగ్గర నుంచి చూస్తే స్టేజీకి ఎడమవైపు రేకుల చాటున జనరేటర్ కనబడుతుంది, దాని పక్కన కుర్చీలో నాగరాజు కనబడతాడు, అతనికి నేను కనబడతాను. నాకు కావలసింది అంతే.

నాగరాజు ఒకప్పుడు మా పేటలో మగ్గాల మోటార్లు రిపేరు చేసేవాడు, ఇప్పుడు ఇలాంటి మీటింగులకూ పెళ్ళిళ్ళకూ జనరేటర్లు పంపిస్తున్నాడు. నెలక్రితం ఎవరిదో గృహప్రవేశంలో కలిసి తన నంబరిచ్చాడు, ఈ కాలేజీ మైదానంలో కరెంటు అతనిదేనని అప్పుడే తెలిసింది, అది తెలిసిన క్షణం నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. మధ్యాహ్నం వచ్చి అడిగేశాను. అతను మొదట నవ్వాడు, తర్వాత నా మొహం చూసి నవ్వడం మానేశాడు. "సుమ్నె ఊరికే ఆపేదానికి అయ్యేలేదు చౌడక్కా, నా కాంట్రాక్టు పోతాది" అన్నాడు. "మూడో నంబరు మగ్గాన్ని ఆపొద్దు, దాని చక్రం మార్చొద్దు నాగరాజూ అని ఆ పొద్దు నీ కాళ్ళమీద పడినంత పని చేస్తి, నువ్వు ఆపితివా లేదా" అన్నాను. అతను చేతులకున్న నూనె తుడుచుకున్నాడు. "మీ నాయన చెప్పె, నేను చేస్తి. ఆ కాలంలో ఎదురు చెప్పేవాణ్ణా నేను." "ఇప్పుడు నేను చెప్తా ఉండా." చివరికి ఒప్పుకున్నాడు. నేను ఒకసారి చెయ్యెత్తితే ఆపాలి, రెండోసారి ఎత్తితే మళ్ళీ వెయ్యాలి. "రెండు నిమిషాలు, డీజిలు పైపులో ఏదో అడ్డంపడిందని చెప్తా. ఎక్కువైతే నాకు మాటొస్తాదక్కా" అన్నాడు. రెండు నిమిషాలు చాలు. కరెంటు పోయిన ఒక పొద్దు నాకు అన్నీ పోవడానికి కూడా రెండు నిమిషాలే పట్టింది.

నాలుగో పాట. పాప్ పంక్ అంటారు దీన్ని, గిటారుమీద మూడంటే మూడు కార్డులు, దడదడమనే వేగం, ఏడవాల్సిన మాటల్ని గంతులేస్తూ అరవడం. బెంగుళూరులో దీన్ని మొదలుపెట్టింది తామేనని ఈ త్రీ ఫేజ్ బ్యాండు వాళ్ళు చెప్పుకుంటారు. నిజమే కావచ్చు, వేరేవాళ్ళు మొదలుపెట్టినట్టు నేనూ వినలేదు. సోమందేపల్లిలో నా మగ్గాల షెడ్డుకు బెంగుళూరు నుంచి దారం ఉండలొస్తాయి, వాటిని చుట్టి పంపే పాత ఇంగ్లీషు పేపర్లో ఒకరోజు ఈ మొహం కనబడింది, నలిగిన కాగితాన్ని మోకాలిమీద సాపు చేసుకుని చదివాను. పదిహేడేళ్ళ బ్యాండు, మళ్ళీ స్టేజీ ఎక్కుతోంది, అని పెద్ద వ్యాసం. 'నంబర్ త్రీ' పాట ఎలా పుట్టిందని అడిగారు. మూడో నంబరు బస్సులో తిరిగే రోజులవి అన్నాడు. ఆ బీటు చాలా వింతగా ఉంటుంది, పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఒకచోట కుంటుతుంది, అది ఎవరి ఆలోచన అని అడిగారు. ఎక్కడి నుంచి వచ్చిందో మాకే తెలీదు అన్నాడు. ఆ తెలీదు అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. అతను ఆ మాటను నా గురించి అనడం అది రెండోసారి. మగ్గాలమీద పన్నెండుమంది పని చేస్తున్నారు, వాళ్ళ ఎదుట ఏం చెయ్యను, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకున్నాను. ఈరోజు పొద్దున మా ఆయన వెంకటరమణతో జరీ చూసొస్తానని చెప్పి హిందూపురంలో రైలెక్కాను. "ఒక్కదానివే పోతావా" అన్నాడు పాపం, ఆయన మంచివాడే, ఈ కథలో ఆయన తప్పేమీ లేదు. యలహంక దాటేవరకు ఆ కాగితం సంచీలోనే ఉంది, తర్వాత తీసి ఇంకోసారి చదివాను, కోపం చల్లారకుండా ఉండడానికి.

చల్లారుతుందా ఏమన్నా. బెంగుళూరు కబ్బన్‌పేటలో మా ఇల్లు అంటే కింద ఆరు పవర్‌లూములు, పైన ఒక పొడుగాటి గది, వెనక వంటిల్లు. మా తాత ధర్మవరం వైపు నుంచి వచ్చి దిగినప్పుడు చేతిమగ్గాలట, నేను పుట్టేసరికి కరెంటువి వచ్చాయి. దేవాంగులం కదా, కులదేవత పేరే పెట్టారు, చౌడేశ్వరి. నేను పుట్టింది ఆ చప్పుడులో, పాలు తాగింది ఆ చప్పుడులో, ఎక్కాలు నేర్చుకుంది ఆ చప్పుడులో, మా ఇంట్లో అందరం బయటివాళ్ళకు పోట్లాడుకుంటున్నట్టు వినబడేంత గట్టిగా మాట్లాడేవాళ్ళం. ఆరింటిలో ఐదు మగ్గాలు ఒక్కలాగే ఆడేవి. మూడోది మాత్రం కుంటేది. దాని పళ్ళచక్రంలో ఒక పన్ను అరిగిపోయి, ఆరు దెబ్బలు సరిగ్గా వేసి ఏడోదాని ముందు ఒక్క ఊపిరంత ఆగి, అప్పుడు ఖట్‌మని వేసేది. గుడ్డకేమీ నష్టం లేదు కాబట్టి మా నాయన మునినారాయణప్ప దాని జోలికి పోలేదు, ఏళ్ళ తరబడి అది అలాగే కుంటుకుంటూ చీరలు నేసింది. రాత్రి పడుకుంటే ఆ ఆగడం కోసం ఎదురుచూసేదాన్ని. ఆగుతుందని తెలుసు, అయినా ప్రతిసారీ ఇక పడదేమో అనిపించేది, పడేది, అప్పుడు ఎంత హాయిగా ఉండేదో ఎవరికి చెప్పను.

రాఘవేంద్ర వాళ్ళది పక్క వీధి, వాళ్ళ నాన్న గుమాస్తా, ఇంట్లో గిటారు పట్టుకుంటే ఇంటి ఓనరు వచ్చి తలుపు కొట్టేవాడు. మగ్గాల పేటలో ఎవరెంత చప్పుడు చేసినా అడిగేవాడు లేడని ఎవరు చెప్పారో, ఒకరోజు అతనూ చందూ ఇంకొకడూ వచ్చి మా పైగది అడిగారు. మా నాయన సరేనన్నాడు. మగపిల్లలు ఏదో సంగీతం నేర్చుకుంటున్నారు, మంచిదేగా. పాత డ్రమ్ముల సెట్టు ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి మూలన పెట్టారు, వాయించడానికి మాత్రం మనిషి దొరకలేదు. నేను అదే గదిలో కూర్చుని, నాడెలో పెట్టే కండెలకు దారం చుట్టేదాన్ని. పద్దెనిమిదేళ్ళు నిండి పంతొమ్మిది నడుస్తున్నాయి, బి.కాం. మొదటి సంవత్సరం. పది రోజులు వాళ్ళ పాట్లు చూశాను. పదకొండో రోజు రాట్నం పక్కకు నెట్టి, లేచి వెళ్ళి ఆ స్టూలుమీద కూర్చుని, కింద మూడో నంబరు ఏం వేస్తోందో అదే వేశాను. ముగ్గురూ నోరు తెరుచుకుని చూశారు. తర్వాత రాఘవేంద్ర ఒక్క మాట అన్నాడు, "ఆపొద్దు". ఆ ఒక్క మాట కోసం నేను ఆ సంవత్సరమంతా బతికాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను. మా నాయనకు ఆ ముగ్గురిలో ఒకడు వాయిస్తున్నాడని లెక్క, నేను కండెలు చుడుతున్నానని లెక్క, ఆ కండెలు రాత్రుళ్ళు దీపం పెట్టుకుని చుట్టేదాన్ని. బ్యాండుకు పేరు పెట్టింది కూడా నేనే. మగ్గాలకు త్రీ ఫేజ్ కరెంటు రావాలి, వీళ్ళూ ముగ్గురు, బాగుంది కదా అన్నాను. "అయితే నువ్వు?" అని చందూ అడిగితే, "నేను న్యూట్రల్ వైరు, పట్టుకుంటే ఎవురికీ షాకు కొట్టదు" అన్నాను. ఎంత నవ్వామో. మంచి జోకని ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా చెప్పాలనిపించింది.

ఐదో పాట మొదలైంది. చందూ పక్కన నిలబడి తల ఊపుతున్నాడు, ముసలివాడైనట్టున్నాడు, వాడిమీద నాకేం లేదు. డ్రమ్ముల వెనక ఉన్నది ఆడపిల్ల. పోస్టరులో పేరు చూశాను, శ్వేత, పంతొమ్మిదేళ్ళు, వీళ్ళ ఐదో డ్రమ్మరో ఆరో డ్రమ్మరో. జడ వెనక్కి ముడేసుకుంది, మోచేతులు దగ్గరగా పెట్టుకుని వాయిస్తోంది, అనవసరంగా ఒక్క చెయ్యి కూడా పైకి లేపడం లేదు. నాకు ఆ పిల్లను చూస్తే కోపం రావాలి. నా స్టూలుమీద కూర్చుంది కదా. రావడం లేదు, కొంచెం భయమేస్తోంది అంతే, కరెంటు పోయినప్పుడు నవ్వులపాలయ్యేది ఈ పిల్లేమో అని. పోనీ ఆపేద్దామా, నాగరాజుకు వద్దని సైగ చేసి రైలుకు వెళ్ళిపోదామా. నా పక్కన ఎగురుతున్న అమ్మాయి కాస్త ఊపిరి తీసుకుని నా వైపు తిరిగింది, మెళ్ళో ఆఫీసు కార్డు వేలాడుతోంది, రేణుక అని ఉంది. "ఆంటీ, నెక్స్ట్ వాళ్ళ బెస్ట్ సాంగ్, మిస్ కాకండి. నేను హూడి నుంచి దీనికోసమే వచ్చినా" అంది. మిస్ కానులేమ్మా అన్నాను. స్టేజీమీద అతను మైకు పట్టుకుని, దీనికి ముందొక చిన్న కథ చెప్పాలి అంటున్నాడు ఇంగ్లీషులో. మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఒక మిల్లు పైన ప్రాక్టీసు చేసేవాళ్ళం, ఒకరోజు కరెంటు పోయింది, మేం కాఫీకి వెళ్ళిపోయాం, ఎవరో మాత్రం పైన వాయిస్తూనే ఉన్నారు, నవ్వాపుకోలేక చచ్చాం, అన్నాడు. రెండువేలమంది నవ్వారు. ఎవరో.

ఎవరో కాదు రాఘవేంద్రా. తొంభై ఒకటి జూలై, మంగళవారం, మూడున్నర. నేను కళ్ళు మూసుకుని వాయిస్తున్నాను, ఆ రోజు మొదటిసారి నా కుడికాలూ నా ఎడమచెయ్యీ మూడో నంబరుతో పూర్తిగా కలిసిపోయాయి, ఏది మగ్గమో ఏది నేనో తెలియనంతగా. కరెంటు పోయింది. కింద ఆరు మగ్గాలూ ఆగాయి, నీ గిటారు ఆగింది. నాకు తెలియలేదు. మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళకు మగ్గం ఆగినా చెవుల్లో కాసేపు ఆడుతూనే ఉంటుంది, పేటలో ఎవరినడిగినా చెబుతారు, కరెంటు పోయాక కూడా మేం గట్టిగానే మాట్లాడతాం. నా చెవుల్లో మూడో నంబరు ఆడుతోంది, నేను దానితో వాయిస్తున్నాను. కరెంటు పోతే అందరూ కాఫీకి లేవడం మా పేట అలవాటు, మీరు ముగ్గురూ లేచారు. నా పక్కనుంచే వెళ్ళారు, ఆ ఇరుకు గదిలో వేరే దారి లేదు, నా భుజానికీ నీ చేతికీ మధ్య జానెడు లేదు. ఒక్కసారి తాకితే ఆగేదాన్ని. తాకలేదు. పెద్ద ద్రోహం చేద్దామని కాదు, నాకు తెలుసు, నువ్వు కాఫీ గురించి ఆలోచిస్తున్నావు. అదే నేను క్షమించలేనిది. కింద చప్పుడు లేని షెడ్డులో మా నాయన, ఆరుగురు పనివాళ్ళు, మెట్లు దిగుతున్న మగపిల్లల్ని లెక్కపెట్టారు. ఒకడు, ఇద్దరు, ముగ్గురు. పైన డ్రమ్ము ఆగలేదు. "పైన వాయిస్తా ఉండేది ఎవురు?" అని మా నాయన అడిగాడట, మా మేనత్త సొన్నమ్మ అక్కడే ఉండి వింది, తర్వాత నాకు చెప్పింది. నువ్వు చెప్పులేసుకుంటూ అన్నావట, "మాకు తెలీదంకుల్."

నేను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మా నాయన, జుట్టునిండా నూలు దూది, నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వీధిలో జనం తలలెత్తి మా కిటికీ వైపు చూస్తున్నారు. మర్నాడు నాగరాజును పిలిపించి మూడో నంబరు చక్రం మార్పించాడు. ఏళ్ళ తరబడి అక్కర్లేని రిపేరు ఆ రోజు కావలసి వచ్చింది ఆయనకు. నేను మెట్ల దగ్గర నిలబడి వద్దని ఏడ్చాను. సాయంత్రానికి ఆరు మగ్గాలూ ఒక్కలాగే ఆడాయి. ఆ రాత్రి నేను దాని ఆగడం కోసం తెల్లారేదాకా ఎదురుచూశాను. కాలేజీ మాన్పించారు, ఏడాదిన్నరకు పెళ్ళి చేశారు. త్రీ ఫేజ్ వాళ్ళు వేరే గది చూసుకున్నారు, వేరే డ్రమ్మరును చూసుకున్నారు, పాట మాత్రం అదే ఉంచుకున్నారు. నా షెడ్డులో ఇప్పుడు పన్నెండు మగ్గాలు, ఏ ఒక్కటి కాస్త తడబడినా ఆ పూటే చక్రం మార్పిస్తాను, చౌడమ్మకు ఎంత శ్రద్ధో అంటారు. శ్రద్ధ కాదు. వినలేను.

ఆరోది మొదలైంది. అదే. శ్వేత కళ్ళు మూసుకుంది. ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరు, ఆగింది, పడింది. పదిహేడేళ్ళ తర్వాత దాన్ని ఒళ్ళంతటితో వింటున్నాను, ఆ పిల్ల సరిగ్గా వేస్తోంది, ఆ ఊపిరిని దొంగిలించకుండా మొత్తం ఇస్తోంది, పైన గిటార్లూ అతని గొంతూ కలిసి దాన్ని ముంచేస్తున్నాయి, ఎవరికీ వినబడడం లేదు, పిల్లలు పాట మాటలు అరుస్తున్నారు. మొదటి చరణం అయిపోయింది. అతను కళ్ళు మూసుకుని మొహం పైకెత్తి ఆ పాటలో అన్నిటికంటే పొడుగాటి అరుపు అందుకున్నాడు. ఇప్పుడు. నేను చెయ్యెత్తాను.

గిటార్లు చచ్చిపోయాయి. అతని గొంతు ఉన్నట్టుండి ఒక మనిషి గొంతంత అయిపోయింది, అంత పెద్ద మైదానంలో చీమంత, అది కూడా మధ్యలో తెగింది. మైకును అరచేత్తో కొట్టాడు. చందూ చేతులు రెండూ చాచి జనరేటర్ వైపు చూశాడు. డ్రమ్ము ఆగలేదు. సాయంత్రపు గాలిలో ఒక్కటే, ఏ తోడూ లేకుండా, ఒకటి రెండు మూడు నాలుగు ఐదు ఆరు, ఆగి, పడుతోంది. శ్వేత కళ్ళు ఇంకా మూసుకునే ఉంది. అతను వెనక్కి తిరిగాడు, ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు, డ్రమ్ముల పక్కగా వెళ్ళి వంగి ఆ పిల్ల భుజంమీద చెయ్యి వేశాడు. వేశాడు. అప్పుడు చాతకానిది ఇప్పుడు చాతనయింది, రెండువేలమంది చూస్తున్నారు కాబట్టి చాతనయింది. వాణ్ణి నేను ఇంతకు ముందెప్పుడూ ఇంతగా అసహ్యించుకోలేదు. ఆ పిల్ల కళ్ళు తెరిచింది. చచ్చిపోయిన మైకును చూసింది, జనాన్ని చూసింది, అన్నీ అర్థమయ్యాయి ఆ మొహంలో. భుజాన్ని ఒక్కసారి విదిలించి అతని చెయ్యి దులిపేసుకుంది. ఆపలేదు. ఇంకా గట్టిగా వేసింది.

జనం చప్పట్లు అందుకున్నారు, అందుకుని తప్పారు, ఏడోదాని దగ్గర అందరూ ముందే కొట్టేస్తున్నారు, ఆగడం వాళ్ళకు తెలియదు. నేను సంచీ కిందపడేసి కొట్టాను. ఆరు కొట్టి, రెండు చేతులూ గుండెల ముందే ఎడంగా పట్టుకుని, ఊపిరంత ఆగి, కొట్టాను. పక్కనున్న రేణుక నా చేతులు చూసి తన చేతులు సరిచేసుకుంది, దాన్ని చూసి దాని పక్కనున్నవాడు, వాణ్ణి చూసి ముందు వరస, అలా స్తంభం దగ్గర నుంచి స్టేజీ దాకా ఏడో దెబ్బ ముందు మైదానమంతా ఆగి, ఒక్కసారిగా పడడం మొదలైంది. రాఘవేంద్ర నోరు తెరుస్తున్నాడు, ఏదో అరుస్తున్నాడు, ఒక్క ముక్క వినబడడం లేదు. ఎవరు కొట్టిస్తున్నారా అని జనంలోకి వెతుక్కుంటున్నాడు. వెతుక్కోనీ.

"ఆంటీ, ఈ బీటు మీకెట్లా తెలుసు?" అంది రేణుక, చేతులాపకుండానే.

"మా ఇంట్లో మూడో నంబరు మగ్గందమ్మా ఇది. దీన్ని డ్రమ్ముకెక్కిచ్చింది నేనే" అన్నాను, మగ్గాలు ఆడుతున్నప్పుడు మాట్లాడేంత గట్టిగా.

రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి. రేకుల పక్కనుంచి నాగరాజు మెడ సాచి నా వైపే చూస్తున్నాడు, చెయ్యెత్తమని తన చెయ్యెత్తి చూపిస్తున్నాడు. నేను ఎత్తలేదు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి.